“చరిత్రలో ఈ రోజు” ఎలా తయారుచేయాలి: నవంబర్ 1తో చేసి చూద్దాం

స్కూల్లో ప్రార్థన అయ్యాక మైకులో చదవడానికో, ఊరి లైబ్రరీ బోర్డు మీద రాయడానికో, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే పెట్టడానికో “చరిత్రలో ఈ రోజు” తయారుచేసే పని మీకు అప్పజెప్పారనుకోండి. ఎక్కువమంది చేసేది ఒకటే. గూగుల్లో తేదీ కొట్టి, వచ్చిన లైన్లన్నీ కాపీ చేసి, సంవత్సరాల వరసలో దించేస్తారు. చదివేవాళ్లకి ఆయాసం, వినేవాళ్లకి ఒక్కటీ గుర్తుండదు. ఇది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే పిల్లలకి చరిత్ర మీద ఇష్టం పుట్టించడానికి ఇంతకంటే తేలికైన దారి తక్కువ. నాలుగైదు సంఘటనలు చాలు. ఒక్కోదానికి రెండు ప్రశ్నలు వేయండి: ఇది నిజంగా ఈ తేదీనే జరిగిందా? ఈ తేదీనే ఎందుకు జరిగింది? రెండో ప్రశ్న దాదాపు ఎవరూ అడగరు, అసలు కథంతా అక్కడే ఉంటుంది.

నవంబర్ 1 తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చేసి చూద్దాం.

ముందు పెద్ద జాబితా ఒకటి రాసుకోండి. తెలుగు వికీపీడియాలో ప్రతి తేదీకీ ఒక పేజీ ఉంది, ఇంగ్లీషులో ఇంకా పెద్దది ఉంది, అక్కడ మొదలుపెట్టడంలో తప్పేం లేదు. నవంబర్ 1కి ఇలా వస్తాయి: 1512లో వాటికన్‌లోని సిస్టీన్ చాపెల్ పైకప్పు మీద మైకెలాంజెలో వేసిన బొమ్మలు జనం మొదటిసారి చూశారు. 1611లో లండన్‌లో జేమ్స్ రాజు కొలువులో షేక్‌స్పియర్ నాటకం టెంపెస్ట్ ఆడారు, ఆ నాటకం ఆడినట్టు దొరికిన మొదటి రికార్డు అదే. 1755లో లిస్బన్ నగరాన్ని భూకంపం నేలమట్టం చేసింది. 1858లో అలహాబాదులో లార్డ్ కానింగ్ విక్టోరియా రాణి ప్రకటన చదివాడు, కంపెనీ పాలన పోయి రాణి పాలన వచ్చింది. 1952లో అమెరికా పసిఫిక్ సముద్రంలో మొదటి హైడ్రోజన్ బాంబు పేల్చింది. 1954లో అల్జీరియా స్వాతంత్ర్య యుద్ధం మొదలైంది, అదే రోజు పాండిచ్చేరి, కారైకాల్, మాహే, మన యానాం ఫ్రెంచి చేతుల్లోంచి భారత్ చేతికొచ్చాయి. 1956లో ఆంధ్రప్రదేశ్, కేరళ, మైసూరు, మధ్యప్రదేశ్. 1966లో హర్యానా. 1973లో మైసూరు రాష్ట్రానికి కర్ణాటక అని పేరు. 1993లో యూరోపియన్ యూనియన్. 2000లో ఛత్తీస్‌గఢ్. పుట్టినవాళ్లలో దేవులపల్లి కృష్ణశాస్త్రి (1897), వి.వి.ఎస్. లక్ష్మణ్ (1974), ఖండాలు కదులుతాయని చెప్పిన జర్మన్ శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ వేగెనర్ (1880).

దీన్ని ఇలాగే చదివేస్తే సంత గోలలా ఉంటుంది. ఇప్పుడు రెండో ప్రశ్న వేయండి, ఈ రోజే ఎందుకు?

నవంబర్ 1 క్యాథలిక్ క్రైస్తవులకి సకల పరిశుద్ధుల పండుగ. ఆ ఒక్క విషయం తెలిశాక జాబితాలో సగం దానంతటదే దారిన పడుతుంది. సిస్టీన్ చాపెల్‌లో పోప్ ఆ పండుగ పూజ చేయాలి కాబట్టి అప్పటికి బొమ్మల పని ముగించి తెరిచారు. రాజుగారి కొలువులో పండుగ రాత్రి నాటకం ఉండాలి కాబట్టి టెంపెస్ట్ ఆడారు. లిస్బన్ సంగతి మరీ ఘోరం. భూకంపానికి పండుగతో సంబంధం లేదు గానీ, పోయిన ప్రాణాలకి ఉంది. శనివారం పొద్దున సుమారు 9:40కి భూమి కదిలేసరికి జనమంతా చర్చిల్లో ఉన్నారు, పైకప్పులు వాళ్ల మీదే కూలాయి. పండుగకి వెలిగించిన కొవ్వొత్తులు, ఇళ్లలో పొయ్యిలు కలిసి ఊరంతా నిప్పంటించాయి. నది ఒడ్డున ఆరుబయట బతికిపోదామని పరిగెత్తినవాళ్ల మీదకి సునామీ వచ్చింది. వేలాదిమంది పోయారు. దేవుడి పండుగ రోజున, గుళ్లో ఉన్న భక్తుల మీదే ఇంత దారుణం ఎందుకు జరిగిందని యూరప్‌లో పెద్ద పెద్ద ఆలోచనాపరులు ఏళ్ల తరబడి వాదించుకున్నారు. ఆ వాదన పుట్టిందే తేదీ వల్ల. అల్జీరియాలో అయితే తేదీని కావాలనే ఎంచుకున్నారు. ఫ్రెంచి అధికారులు పండుగ సెలవులో ఉంటారని లెక్కేసి, ముందు రాత్రి దాటగానే దేశంలో చాలాచోట్ల ఒకేసారి దాడులు చేశారు.

మిగతా సగానికి కారణం గవర్నమెంటు ఆఫీసు. నెల మొదటి తారీఖు. జీతాలు, లెక్కలు, బదిలీలు అన్నీ ఒకటో తారీఖు నుంచి మొదలుపెడితే సుళువు కాబట్టి మన దేశంలో రాష్ట్రాలు ఒకటో తారీఖునే ఎక్కువగా పుట్టాయి. కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబర్ 1. మహారాష్ట్ర, గుజరాత్ 1960 మే 1. నాగాలాండ్ 1963 డిసెంబర్ 1. యూరోపియన్ యూనియన్‌కి పుట్టుకనిచ్చిన మాస్ట్రిక్ట్ ఒప్పందంలో ఈ సంగతి రాతపూర్వకంగానే ఉంది, చివరి దేశం ఆమోదపత్రం దాఖలు చేసిన తర్వాత వచ్చే నెల మొదటి రోజు నుంచి అమలు అని. ఆఖరున జర్మనీ 1993 అక్టోబర్‌లో ఇచ్చింది, అలా నవంబర్ 1 వచ్చింది.

కాబట్టి ప్రతి సంఘటన పక్కనా చిన్న గుర్తు పెట్టుకోండి: పండుగ వల్లనా, ఒకటో తారీఖు సుళువు వల్లనా, పాత సంఘటనని తలుచుకుని కావాలని పెట్టుకున్నదా, ఉత్తినే అలా కలిసిందా. మూడో రకానికి అందరికీ తెలిసిన ఉదాహరణ జనవరి 26. 1930లో ఆ రోజున పూర్ణ స్వరాజ్య దినం జరిపారు కాబట్టి, 1949 నవంబర్ 26నే ఆమోదించిన రాజ్యాంగాన్ని రెండు నెలలు ఆపి 1950 జనవరి 26న అమల్లోకి తెచ్చారు. 2000లో మూడు కొత్త రాష్ట్రాలు వచ్చాయి కదా, వాటిలో ఝార్ఖండ్ నవంబర్ 15న పుట్టింది, అది బిర్సా ముండా జయంతి. కర్ణాటక పేరు మార్పు కూడా ఈ రకమే, 1956 వార్షికోత్సవం చూసుకుని పెట్టారు. బెంగళూరులో ఉండే తెలుగువాళ్లకి నవంబర్ 1 రాజ్యోత్సవ సెలవుగానే ఎక్కువ తెలుసు.

నాలుగో రకాన్ని, అంటే ఉత్తినే కలిసినవాటిని, పారేయకండి. కాకపోతే అది యాదృచ్ఛికం అని చెప్పే కలపండి. లిస్బన్ భూకంపం వచ్చిన సరిగ్గా 125 ఏళ్లకి, అదే తేదీన వేగెనర్ పుట్టాడు. భూకంపాలు ఎందుకొస్తాయో ఈ రోజు మనం చెప్పుకునే భూఫలకాల సిద్ధాంతానికి దారి వేసినవాళ్లలో ఆయన ఒకడు. ఈ రెండూ పక్కపక్కన పెడితే తొమ్మిదో తరగతి పిల్లవాడు జీవితంలో మర్చిపోడు.

ఇక మొదటి ప్రశ్న, నిజంగా ఈ తేదీనేనా? ఇక్కడ కాస్త ఓపిక కావాలి, అందుకే చాలామంది దాటేస్తారు.

యూరప్‌లో పాత జూలియన్ క్యాలెండర్‌ని 1582లో సరిచేశారు, ఆ ఏడాది అక్టోబర్ 4 తర్వాత రోజు అక్టోబర్ 15 అయింది. ఇటలీ, స్పెయిన్, పోర్చుగల్ వెంటనే మారాయి. ఇంగ్లండ్ 1752 దాకా మారలేదు, అప్పుడు సెప్టెంబర్ 2 మరునాడు సెప్టెంబర్ 14. రష్యా 1918 దాకా మారలేదు, అందుకే అక్టోబర్ విప్లవాన్ని నవంబర్ 7న జరుపుకున్నారు. ఇదంతా మనకెందుకు అనుకోకండి. మన తీరం మీద 1752 వరకు ఇంగ్లీషువాళ్లు ఒక క్యాలెండర్‌తో, ఫ్రెంచివాళ్లు ఇంకో క్యాలెండర్‌తో ఉత్తరాలు రాసుకున్నారు. 1746లో ఫ్రెంచివాళ్లు మద్రాసు కోట పట్టుకున్న రోజు ఇంగ్లీషు లెక్కలో సెప్టెంబర్ 10, ఫ్రెంచి లెక్కలో సెప్టెంబర్ 21. రెండూ ఒకే రోజు! ఈస్టిండియా కంపెనీకి చార్టర్ వచ్చిన 1600 డిసెంబర్ 31 కూడా పాత లెక్కే, కొత్త లెక్కలో అది 1601 జనవరి 10. గెలీలియో పోయిన ఏడాదే న్యూటన్ పుట్టాడని క్లాసుల్లో చెప్తుంటారు, 1642 అని. గెలీలియోది కొత్త క్యాలెండర్ తేదీ, న్యూటన్‌ది పాతది. ఒకే క్యాలెండర్‌లో చూస్తే న్యూటన్ 1643 జనవరి 4న పుట్టాడు.

తేడా ఎన్ని రోజులో గుర్తుపెట్టుకోవడం కష్టమేం కాదు. 1582 నుంచి 1700 ఫిబ్రవరి దాకా 10 రోజులు, ఆ తర్వాత 1800 దాకా 11, 1900 దాకా 12, ఆపైన 13. బొబ్బిలి యుద్ధం 1757 జనవరి 24 లాంటివి 1752 తర్వాతవి కాబట్టి ధైర్యంగా అలాగే రాసేయొచ్చు.

మరి పాత తేదీని మార్చి రాయాలా? నా అభిప్రాయంలో మార్చొద్దు. ఆ కాలం మనుషులు ఏ తేదీ అనుకుని బతికారో అదే రాసి, “పాత క్యాలెండర్ ప్రకారం” అని రెండు ముక్కలు చేర్చండి. టెంపెస్ట్ ఆడిన రోజుని మార్చి నవంబర్ 11 అని రాస్తే పండుగ సంగతి మాయమైపోతుంది, అప్పుడు ఆ తేదీకి అర్థమే ఉండదు. అయితే రెండు దేశాల సంఘటనల్ని పోల్చి “అదే రోజు” అనాలంటే మాత్రం రెండింటినీ ఒకే క్యాలెండర్‌లోకి తెచ్చి చూశాకే అనండి.

గడియారం కూడా చూడాలి. 1952 హైడ్రోజన్ బాంబు పేలిన ఎనివెటాక్ దీవిలో అప్పుడు నవంబర్ 1 పొద్దున 7:15. గ్రీనిచ్ సమయం ప్రకారం ఇంకా అక్టోబర్ 31 సాయంత్రం, వాషింగ్టన్‌లో కూడా 31వ తేదీనే. కొన్ని పుస్తకాల్లో అక్టోబర్ 31 అని ఉంటుంది, వాళ్లు తప్పు రాయలేదు. సంఘటన జరిగిన చోట ఏ తేదీయో అదే తీసుకోండి, ఆ పద్ధతి ఏడాది పొడవునా మార్చకండి.

మన శాసనాలు, తిథుల దగ్గరికొస్తే పని ఇంకా బాగుంటుంది. శ్రీకృష్ణదేవరాయలు ఎప్పుడు పోయారన్నది చాలాకాలం స్పష్టంగా తెలియదు. కర్ణాటకలో తుమకూరు దగ్గర హొన్నేనహళ్లిలో దొరికిన శాసనం ఆ తేదీ చెప్పింది: శక 1451, విరోధి సంవత్సరం, కార్తీక శుద్ధ పౌర్ణమి, ఆదివారం, చంద్రగ్రహణం. శక సంవత్సరానికి 78 కలిపితే 1529 వస్తుంది (పుష్యం చివర నుంచి ఫాల్గుణం దాకా అయితే 79 కలపాలి). విరోధి అరవై ఏళ్లకోసారి వస్తుంది, మొన్న 2009–10లో వచ్చింది, అక్కడి నుంచి అరవైలు వెనక్కి లెక్కేస్తే 1529 దగ్గర ఆగుతుంది. ఆ ఏడాది కార్తీక పౌర్ణమి అక్టోబర్ 17, వారం చూస్తే సరిగ్గా ఆదివారం. సంవత్సరం పేరు, తిథి, వారం మూడూ కలిశాయంటే తేదీ గట్టిదని లెక్క, పైగా గ్రహణం సాక్ష్యం ఉండనే ఉంది. ఇది కూడా పాత క్యాలెండర్ తేదీయే. తిథి ఉన్న ఏ సంఘటననైనా ఇలాగే పరీక్షించండి, వారం కలవకపోతే ఎక్కడో లెక్క తప్పిందని అర్థం. ఇంకొకటి గుర్తుంచుకోవాలి. పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది, హిజ్రీ లెక్కలో సూర్యాస్తమయంతో మొదలవుతుంది, కాబట్టి రాత్రి జరిగినవాటికి ఒక రోజు అటూ ఇటూ అవుతుంది. త్యాగరాజస్వామి సిద్ధి పొందింది 1847 జనవరి 6న, ఆరాధన జరిపేది పుష్య బహుళ పంచమికి, అది ప్రతి ఏడాదీ వేరే తేదీన వస్తుంది. రెండిట్లో మీరు ఏది పెడుతున్నారో స్పష్టంగా చెప్పండి.

పుట్టినరోజుల విషయంలో ఒక జాగ్రత్త. మన పెద్దవాళ్లలో బోలెడంతమంది సర్టిఫికెట్లలో జూలై 1 అని ఉంటుంది, బళ్లో చేర్చినప్పుడు అయ్యవారు అలా రాసేసుకున్నారు. ఊరి ప్రముఖుల గురించి రాసేటప్పుడు ఆ తేదీ కనిపిస్తే ఇంట్లోవాళ్లని ఒకమాట అడగండి.

తేదీ సరిచూడటానికి పాత పత్రికలంత మంచి సాధనం ఇంకోటి లేదు. ప్రెస్ అకాడమీ వాళ్లు డిజిటైజ్ చేసిన పాత ఆంధ్రపత్రిక సంచికలు తిరగేయండి. కాకపోతే నవంబర్ 1న జరిగింది నవంబర్ 2 పేపర్లో వస్తుంది, “నిన్న” అన్న మాట చూసుకోకుండా పేపరు మీది తేదీనే ఎత్తి రాయొద్దు. చట్టంతో వచ్చిన మార్పులకి చట్టం పాఠమే చూడండి, అమలు తేదీ అందులో ఉంటుంది. చట్టం ఆమోదం పొందిన రోజు వేరు, అమల్లోకి వచ్చిన రోజు వేరు. యానాంకి అయితే మూడు తేదీలున్నాయి. పాలన చేతులు మారింది 1954 నవంబర్ 1, ఒప్పందం సంతకాలు 1956 మే 28, ఫ్రాన్స్ ఆమోదం పూర్తయి చట్టప్రకారం విలీనమైంది 1962 ఆగస్టు 16. మీరు పెట్టేది ఏదో చెప్పకపోతే యానాం మనిషే వచ్చి అడుగుతాడు, అడగాలి కూడా.

ఇక కష్టమైన తేదీలు. నవంబర్ 1, 1956 గురించి విజయవాడలో ఒకలా, వరంగల్‌లో ఇంకోలా వినిపిస్తుంది, రెండూ చరిత్రే. హైదరాబాదు రాష్ట్రాన్ని అప్పటికి విడిగానే ఉంచాలని, 1961 ప్రాంతంలో ఎన్నికలయ్యాక శాసనసభలో మూడింట రెండొంతులమంది ఒప్పుకుంటే ఆంధ్రతో కలపొచ్చని రాష్ట్రాల పునర్విభజన కోసం వేసిన ఫజల్ అలీ కమిషన్ 1955లో చెప్పింది. 1956 ఫిబ్రవరి 20న ఆంధ్ర, తెలంగాణ నాయకుల మధ్య పెద్దమనుషుల ఒప్పందం జరిగింది. నవంబర్ 1న నీలం సంజీవరెడ్డి మొదటి ముఖ్యమంత్రిగా ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. తెలంగాణవాదులు దాన్ని విద్రోహ దినంగా పాటించారు. 2014 జూన్ 2న తెలంగాణ వచ్చింది. ఈ వరస మొత్తం నాలుగు వాక్యాల్లో చెప్పేయొచ్చు, ఏ ఊళ్లో చదివినా ఎవరూ నొచ్చుకోరు. సెప్టెంబర్ 17, 1948కి కూడా ఇంతే, విమోచనమా, విలీనమా, సమైక్యతా అని మీరు తీర్పు చెప్పక్కర్లేదు, ఏం జరిగిందో చెప్పి, ఎవరు ఏమని పిలుస్తారో చెప్పండి. చావులున్న సంఘటనల పక్కన క్రికెటర్ పుట్టినరోజు పెట్టకండి. 1966లో రాష్ట్రావతరణ రోజునే విశాఖలో ఉక్కు ఉద్యమకారుల మీద పోలీసు కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. దాన్ని చదివాక ఒక్క నిమిషం ఆగండి, మిగతాది తర్వాత.

రాసేటప్పుడు సంవత్సరం, చోటు, ఎవరు, దానివల్ల ఏమైంది, ఈ నాలుగూ ఉండాలి. “1954: పాండిచ్చేరి విలీనం” అని రాస్తే ఏమీ అర్థం కాదు. ఇలా రాయండి:

“1954 నవంబర్ 1, సోమవారం. అంతకు రెండు వారాల ముందు పాండిచ్చేరి ప్రాంతంలోని కీళూర్‌లో ఓటు వేసిన 178 మంది ప్రజాప్రతినిధుల్లో 170 మంది భారత్‌లో కలుస్తామన్నారు. ఈ రోజు పాండిచ్చేరితో పాటు కాకినాడ పక్కనున్న యానాం పాలన కూడా భారత్ చేతికొచ్చింది. సరిగ్గా ఇదే రోజు అల్జీరియాలో ఫ్రెంచి పాలన మీద సాయుధ తిరుగుబాటు మొదలైంది. ఒకచోట చర్చలతో, ఓటుతో ముగిసింది. రెండోచోట 1962 మార్చి దాకా యుద్ధం నడిచింది.”

మైకులో ఇది చదవడానికి అరనిమిషం పడుతుంది. ఇలాంటివి మూడు, చివర ఒక పుట్టినరోజు, అంతే. నేనైతే నవంబర్ 1కి లిస్బన్, యానాం–అల్జీరియా, 1956, ఆఖర్న కృష్ణశాస్త్రి పెడతాను. సిస్టీన్ చాపెల్‌ని వచ్చే ఏడాదికి ఉంచుతాను, ఎందుకంటే పనంతా ఒక్క ఏడాదికే ఖర్చుపెట్టేస్తే మళ్లీ అదే చదవాల్సి వస్తుంది. ఒక లావాటి నోట్‌బుక్కులో తేదీకొక పేజీ వదిలి, ఏ ఏడాది ఏది వాడారో, ఎక్కడ చూసి సరిచేసుకున్నారో రాసుకోండి. ఫిబ్రవరి 29కి కూడా ఒక పేజీ ఉంచండి.

చివరగా, నెలకి ఒకటైనా మీ ఊరిది ఉండాలి. దీనికి నెట్ పనికిరాదు, లేచి తిరగాలి. పంచాయతీ ఆఫీసు, బడి, వంతెన, ఆసుపత్రి, వాటర్ ట్యాంకు గోడల మీద శిలాఫలకాలుంటాయి, ఫోన్‌లో ఫోటో తీసుకోండి, సున్నం కప్పేసినవి ఉంటే తడిగుడ్డతో తుడిచి చదవండి. శంకుస్థాపన తేదీ, ప్రారంభోత్సవం తేదీ కలిపేయకండి. నాగార్జునసాగర్‌కి నెహ్రూ శంకుస్థాపన చేసింది 1955 డిసెంబర్ 10న, కాలువలకి ఇందిరాగాంధీ నీళ్లు వదిలింది 1967 ఆగస్టు 4న, అంటే ఒకే డ్యామ్‌కి మీ నోట్‌బుక్కులో రెండు పేజీలు. ఫలకం మీద పేరున్నవాళ్ల మనవలు ఊళ్లోనే ఉంటే ఆ రోజు చదివేది వాళ్లచేతే చదివించండి.